కోరస్ ఇచ్చినవాళ్లం

కామారెడ్డిలో గద్దర్ పాట నచ్చదనే మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. నిజాంసాగర్ చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లను ఎవరినైనా కదిలించి చూడండి. ప్లాట్ల వ్యాపారం చేసే ఆయన ఫోను మోగితే వినపడేది ఆ గొంతే. ఆ పాటలు పాడుతున్నారని ఒకప్పుడు పిల్లలను ఠాణాకు పట్టుకుపోయిన రిటైర్డ్ జమేదారు కూడా "గొంతంటే గద్దర్‌దే సారూ" అంటాడు. గులాబీ కండువా వేసుకున్నవాడు, మూడు రంగుల కండువా వేసుకున్నవాడు, కాషాయ కండువా వాడు, ఏ కండువా లేనివాడు, అందరికీ ఆయన మావాడే. ఇట్లా ఊరంతా అభిమానులే అయిన చోట ఆ అభిమానం ఒక మనిషి గురించి ఏం చెప్తుంది? ఏమీ చెప్పదు, అది ఒట్టి గొంతు మీది ఇష్టమని కొందరి వాదన. నేను ఒప్పుకోను. చెప్తుంది, గట్టిగానే చెప్తుంది. మనం వెతికే చోట వెతికితే మాత్రం దొరకదు.

పాట నచ్చినవాడికి అందులోని మాట కూడా నచ్చే ఉంటుందని మనం లెక్కేస్తాం. ఈ లెక్క ఎక్కడా నిలవలేదు. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే రాక్ గాయకుడు 1984లో 'బార్న్ ఇన్ ది యూఎస్‌ఏ' అని ఒక పాట విడుదల చేశాడు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి, పని దొరకక, అడిగే దిక్కు లేక తిరిగే ఒక కూలి ఇంటి కుర్రాడి గోడు అది. స్టేడియాల్లో జనం జెండాలు ఊపుతూ దాన్ని దేశభక్తి గీతంలా పాడుకున్నారు. ఆ ఏడాది ఎన్నికల ప్రచారంలో అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీకి వెళ్లి ఆ గాయకుడి పాటల్లో ఉన్న ఆశ గురించి మెచ్చుకుంటూ మాట్లాడాడు. పాడినవాడికి అది మింగుడుపడలేదు. పల్లవి దగ్గర పిడికిలి ఎత్తిన అన్ని లక్షలమందిలో చరణం విన్నవాళ్లు ఎందరు? చరణం వినకుండా పల్లవికి ఊగడం అక్కడివాళ్లకే ఉన్న అలవాటు కాదు. మా దగ్గర పెళ్లి బరాత్‌లో డీజే పెట్టి, చనిపోయినవాళ్ల మీద కట్టిన పాటకు కుర్రాళ్లు చెమటలు కారేలా ఎగురుతారు. అది చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది. అయినా వాళ్లను తప్పుపట్టలేను. ఆ దరువు ఎగరమనే చెప్తుంది.

కామారెడ్డి నుంచి పట్నం పోయే తోవలో రామాయంపేట దాటి కొంత దూరం పోతే తూప్రాన్. 1949లో గద్దర్, అంటే గుమ్మడి విఠల్, పుట్టింది ఆ ఊళ్లోనే, ఒక దళిత కుటుంబంలో. కాబట్టి మాకు ఆయన పొరుగూరి మనిషి కిందే లెక్క. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువు, 1969 తెలంగాణ ఉద్యమం, బి. నరసింగరావు చుట్టూ చేరిన కళాకారుల సావాసం, 1972 నుంచి జన నాట్య మండలి, నడుమ కెనరా బ్యాంకులో ఉద్యోగం, దాన్ని వదిలేయడం. 1913లో అమెరికాలోని భారతీయులు బ్రిటిష్ వాళ్ల మీద తిరుగుబాటుకు పెట్టుకున్న గదర్ పార్టీ పేరే ఈ గద్దర్. గౌతం ఘోష్ తీసిన 'మా భూమి'లో, బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి' పాటను తెర మీద పాడినప్పుడు రాష్ట్రమంతా ఆయన ముఖం చూసింది. ఇదంతా అందరికీ తెలిసినదే. నేను చెప్పదలచుకున్నది ఆయన పాట ఎట్లా కట్టి ఉంటుందో, అది విన్నవాణ్ణి ఏం చేస్తుందో, ఆ సంగతి.

గద్దర్ పాటలో సగమే గద్దర్‌ది. మిగతా సగం కోరస్‌ది. ఆయన ఒక పాదం అంటాడు, వెనక నిలబడ్డ ఇద్దరో ముగ్గురో అందుకుంటారు, మళ్లీ ఆ పాదం వచ్చేసరికి ముందు వరుసలో కూర్చున్నవాళ్లు అందుకుంటారు, మూడోసారికి మైదానం చివర సైకిల్ మీద ఒక కాలు ఆనించి నిలబడ్డవాడి నోట్లోంచి కూడా అది వస్తుంది. ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన పని లేదు, ఎందుకంటే బాణీ వాళ్లదే. అమ్మ ఊపిన ఊయల పాట, నాట్ల పాట, బతుకమ్మ చుట్టూ తిరిగే వరుస, ఒగ్గు కథ, బుర్రకథ, వీధి భాగోతం. ఆయన మాటలు మార్చాడు. బాణీ ముందే గొంతులో ఉన్నందువల్ల మాట కూడా అభ్యంతరం లేకుండా లోపలికి వచ్చేస్తుంది. పాట మధ్యలో ఆపేస్తాడు. గోచీ, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు, ఎగిరి ఎగిరి ఆయాసపడుతున్న మనిషి హఠాత్తుగా ఆగి, ఎదురుగా ఉన్నవాళ్లను పేరు పెట్టి పిలిచినట్టు ఒక ప్రశ్న అడుగుతాడు. ఈ పొలం దున్నింది ఎవరు, గింజ తిన్నది ఎవరు, ఇట్లాంటిదే ఏదో. జనం జవాబు చెప్తారు. పెద్దగా, ఒక్క గొంతుతో. మళ్లీ దరువు మొదలవుతుంది.

నా దృష్టిలో అంతా ఆ జవాబులోనే ఉంది. ఘంటసాల పాట వింటే నేను శ్రోతను. ఆయన పాడాడు, నేను కరిగాను, మా మధ్య ఇంకేం లేదు. గద్దర్ దగ్గర నేను నోరు తెరిచి, నలుగురు వింటుండగా, ఒక మాట అన్నాను. అవును అన్నాను. కాదు అన్నాను. సభ అయిపోయి, పల్లీలు అమ్మేవాడు బండి తోసుకుపోయి, మైకు సెట్టువాళ్లు వైర్లు చుట్టుకున్నాక కూడా ఆ అన్న మాట నా దగ్గరే ఉంటుంది. ఆయన అభిమాని అంటే ఎప్పుడో ఒకప్పుడు బాహాటంగా ఒక మాట ఇచ్చినవాడు. తర్వాత ఆ మాటను ఏం చేసుకున్నాడన్నదే ఆ మనిషి కథ.

ఎల్లారెడ్డిలో మా మేనత్త బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, మడిచి, దారం చుట్టి, మళ్లీ ఇంకోటి. చూపు చాట మీద లేకున్నా వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. అది క్యాసెట్ల కాలం. మాచారెడ్డి, గాంధారి అడవుల్లో నక్సలైట్ దళాలు తిరుగుతున్న రోజులు. మా పక్కన జనశక్తి దళాల పలుకుబడి ఎక్కువ కాబట్టి వాళ్ల వైపు అరుణోదయ బృందం పాటలు కూడా వచ్చేవి, జన నాట్య మండలి పాటలూ వచ్చేవి. ఆ క్యాసెట్లకు భక్తి పాటల అట్ట తొడిగి ఉండేది. ఊళ్లోకి జీపు వచ్చిందంటే అవి వడ్ల గుమ్మిలోకి పోయేవి. అత్త టేప్ రికార్డర్ సౌండు తగ్గించి పెట్టుకుని, తలవంచుకుని, పెదవులు మాత్రం కదుపుతూ కోరస్ ఇచ్చేది. చేతులు ఆగేవి కావు. ఆమెకు చదువు రాదు. సభకు ఎన్నడూ పోలేదు, పోనిచ్చేవాళ్లూ లేరు.

బీడీలు లెక్క చూసుకునేవాడు కట్టల్లోంచి కొన్ని తీసి, బాగలేవని పక్కకు పడేసేవాడు. వాటికి కూలి కట్టడు, కానీ వాటిని తిరిగి ఇవ్వడు కూడా. ఏళ్ల తరబడి ఆడవాళ్లందరూ అది చూస్తూ ఊరుకున్నదే. ఒక రోజు అత్త ఆ చాట ముందు కూర్చుని, "ఎందుకు పక్కకు పెట్టినవో ఒక్కొక్కటి చూపియ్యి బిడ్డా, నేను కూడ నేర్చుకుంట" అన్నది. గొంతు పెంచలేదు. వాడు మొదటిది చూపించాడు, రెండోది చూపించాడు, మూడోదానికి చెప్పడానికి ఏమీ లేక లోపల వేసుకున్నాడు. వెనక వరుసలో ఉన్న ఆడవాళ్లు కూడా ముందుకు జరిగారు. ఇది విప్లవమేమీ కాదు. ఆ రోజు ఆమెకు అదనంగా దొరికిన కూలి ఒక పూట కూరగాయలకు కూడా సరిపోయి ఉండదు. కానీ అత్త గద్దర్ అభిమాని అని నేను అన్నప్పుడు నా మనసులో ఉండేది ఆ ప్రశ్నే. ఆ ప్రశ్న అడిగే పద్ధతి ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. పాట ఆపి జనాన్ని అడిగే పద్ధతే అది.

ఒకే గాయకుణ్ణి ఇష్టపడ్డ ఇద్దరు ఒకే దాన్ని ఇష్టపడ్డారనుకోవడం కూడా పొరపాటే. నాతో బడిలో చదివిన ఒక స్నేహితుడి నాయన ఊరికి డప్పు కొట్టేవాడు. చాటింపుకు డప్పు, చావుకు డప్పు, జాతరకు డప్పు. పిలిచినప్పుడు రావాలి, కొట్టాలి, దూరంగా నిలబడాలి, పెట్టింది తీసుకోవాలి. నా స్నేహితుడు చిన్నప్పుడు ఆ డప్పును చూసి సిగ్గుపడేవాడు. బడి పిల్లల ముందు నాయన డప్పుతో ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు. గద్దర్ బృందం ఆ డప్పును వేదిక మీదికి, అందరికంటే ముందుకు తెచ్చి నిలబెట్టింది. గొల్ల కుర్మల గొంగడి, మాదిగల డప్పు, కూలివాడి గోచీ, ఊరు తక్కువ చేసి చూసినవన్నీ ఆ వేదిక మీద నడుం నిటారుగా నిలబడ్డాయి. నేను ఆ సభలో పాటను విన్నాను. వాడు తన నాయనను చూశాడు. మేమిద్దరం కలిసే కోరస్ ఇచ్చాం, పక్కపక్కనే నిలబడి, గొంతు చించుకుని. కానీ నాకు అది ఒక అభిప్రాయం, వాడికి అది ఒళ్లు. కాబట్టి గద్దర్ అభిమానం నీ గురించి ఏం చెప్తుంది అని అడిగేవాళ్లు, ముందు ఊరికి ఏ పక్కన నిలబడి విన్నావని అడగాలి.

ఇంకో సంగతి దాటవేస్తే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. ఆ పాటల వెనక తుపాకీ ఉంది. పాట విని అడవికి పోయిన పిల్లలు ఉన్నారు, శవాలై తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు, ఎన్‌కౌంటర్ అన్న ఒక్క మాటతో వాళ్ల కథ ముగించారు. ఇన్‌ఫార్మర్ అన్న అనుమానంతో దళం చేతిలో పోయినవాళ్లూ ఉన్నారు, వాళ్ల ఇళ్లలోనూ తల్లులే ఏడ్చారు. 'బాణీ బాగుంటుంది, మిగతాది మాకెందుకు' అనేవాళ్లు ఈ రెండు రకాల తల్లులనూ పక్కకు జరిపి పాట వింటున్నారు. చంపడాన్ని నేను ఎన్నడూ సమర్థించలేదు, పాటను ఎన్నడూ వదల్లేదు. ఈ రెంటి మధ్య ఉన్న ఇరుకులోనే మా తరం చాలామందిమి పెరిగాం. పాడినవాడు ఆ ఇరుకుకు దూరంగా ఏమీ లేడు. 1997 ఏప్రిల్ 6న ఆయన ఇంటికే వచ్చి కాల్చారు. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. తర్వాత ఇరవై ఆరేళ్లు దాన్ని మోస్తూనే గజ్జె కట్టాడు. రాత్రి గుమ్మిలో క్యాసెట్ దాచుకున్న మనకూ, వెన్నులో తూటా దాచుకున్న ఆయనకూ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. ఈ తేడా దగ్గరికి మళ్లీ వస్తాను.

దాచుకుని వినే పాట బాహాటంగా పాడే పాటగా మారింది కూడా మా ఊళ్లోనే. 2002 సెప్టెంబర్‌లో తొలి తెలంగాణ ధూంధాం జరిగింది కామారెడ్డిలో. రసమయి బాలకిషన్ ముందుండి నడిపిన ఆ కార్యక్రమంతో సభ అనే దాని వరసే మారిపోయింది. అంతకు ముందు పాట అంటే నాయకుడు వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి. ధూంధాంలో పాటే సభ. ఉపన్యాసం పాటకూ పాటకూ మధ్య ఊపిరి తీసుకునే చోటు. ఏ పార్టీవాడైనా ఆ వేదిక ముందు కూర్చోవచ్చు. ఆ తర్వాత పదేళ్లు తెలంగాణలో ధూంధాం జరగని మండలం లేదేమో అన్నంతగా అది పాకింది. 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ' సినిమాలో గద్దర్ పాట కాలేజీ పిల్లలందరి నోళ్లలో ఆడింది. గుమ్మిలోంచి క్యాసెట్ బయటికి వచ్చింది. మా అత్త మొదటిసారి గొంతెత్తి కోరస్ ఇవ్వడం నేను అప్పుడే విన్నాను. ఆమె గొంతు అంత పెద్దదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

భయం పోయాక అభిమానం సులువైంది. సులువైన అభిమానం గురించి చెడ్డగా మాట్లాడను. భయపడుతూ పాట వినాల్సిన రోజులు ఎవరికీ రాకూడదు. కానీ అప్పటి నుంచే చరణం జారిపోవడం మొదలైంది. తెలంగాణ వచ్చింది. 2016లో కామారెడ్డి జిల్లా అయింది. కలెక్టరేట్ వచ్చింది, దాని చుట్టూ ప్లాట్లు వచ్చాయి, బెల్లం అంగడి పేరు చెప్పుకుని బతికిన ఊళ్లో గజాల లెక్క మొదలైంది. 2023 జనవరిలో మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్ కింద పడ్డాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు కలెక్టరేట్ ముందుకు వచ్చారు. ఎకరం, రెండెకరాల వాళ్లు, ఆడామగా. చివరికి మున్సిపాలిటీ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో నాకు ఒకటే ఆలోచన. భూమి పాట ఎవరి ఫోనులో మోగుతుందో ఆ ప్లాట్ల వ్యాపారీ గద్దర్ అభిమానే, భూమి పోతుందని రోడ్డు మీద కూర్చున్న రైతూ గద్దర్ అభిమానే. ఇద్దరూ ఒకప్పుడు ఒకే మైదానంలో కోరస్ ఇచ్చి ఉంటారు. ఒకరు ఆ మాటను దగ్గరే ఉంచుకున్నారు. ఇంకొకరు దాన్ని రింగ్‌టోన్ చేసుకున్నారు.

మా కాక సంగతి వేరు. మా నాయనకు తమ్ముడు. లింగంపేట వైపు కొంత పొలం ఉండేది. బోర్లు వేసి, అవి ఎండిపోయి, అప్పులు తీరక దుబాయి పోయాడు. సోనాపూర్ క్యాంపులో ఏళ్ల తరబడి ఉన్నాడు. మా కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల మనుషులతో నిండిన గదులు అవి. శుక్రవారం సెలవు రోజు వంట అయ్యాక గిన్నె మీద దరువేసి కాక పాట ఎత్తుకునేవాడట, మంచాల మీద పడుకున్నవాళ్లంతా కోరస్ ఇచ్చేవాళ్లట. తిరిగొచ్చాక కూడా గద్దర్ మాట వస్తే కాక కళ్లలో ఒక వెలుగు వచ్చేది. ఆ వెలుగు 2023 జులైలో ఆరిపోయింది. ఖమ్మం సభలో గద్దర్ రాహుల్ గాంధీని హత్తుకున్న ఫొటో పేపర్లో వచ్చిన రోజు అది.

అంతకు ముందే కాకకు అనుమానాలు ఉన్నాయి. గద్దర్ గుళ్లకు పోయినప్పుడు కాక నొచ్చుకున్నాడు. 2018లో, జీవితంలో మొదటిసారి ఓటు వేశానని ఆయనే చెప్పినప్పుడు రెండు రోజులు ఎవరితో సరిగా మాట్లాడలేదు. ఆ ఫొటో చూసి పేపర్ మడిచి పక్కన పెట్టి, "గాయన గిట్ల జేస్తడనుకోలే బిడ్డా" అన్నాడు. నేను అడిగాను: "నువ్వు ప్రతిసారి ఓటేస్తవు గద కాకా. దేవునికి మొక్కుతవు, ఎమ్మెల్యే వస్తే దండేస్తవు. గాయన జేస్తె తప్పెట్లయితది?" కాక నా వైపు చూసి, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు, "నేనంటె నేను. నేను గద్దర్‌ను గాను గద" అన్నాడు.

ఆ జవాబు నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. దాంట్లో మొత్తం ఉంది. కాక కోరస్‌లో ఇచ్చిన మాట అబద్ధం కాదు. పొలం పోయింది, సముద్రం దాటాల్సి వచ్చింది, బిడ్డ పెళ్లి చేయాల్సి వచ్చింది, ఆ మాట మీద నిలబడే వీలు ఆయనకు బతుకు ఇవ్వలేదు. అట్లని మాటను పారేయలేదు. పాడినాయన దగ్గర దాచి పెట్టాడు. ఇంట్లో ఒకరు మొక్కుకుని, చెల్లించడానికి గుట్టకు ఇంకొకరిని పంపినట్టు. నేను మారతాను, మారక తప్పదు, కానీ నువ్వు మారకు. నేను సేటు ముందు తల వంచుతాను, కానీ నువ్వు ఎవరి ముందూ వంచకు. నా వెన్ను వంగినా, తూటా ఉన్న నీ వెన్ను నిటారుగా ఉండాలి. గద్దర్ అభిమానం ఒక మనిషి గురించి చెప్పే అసలు సంగతి ఇదేనని నాకు తోస్తుంది. ఆ మనిషి ఏం నమ్ముతాడో అది చెప్పదు. ఏం కావాలనుకుని కాలేకపోయాడో, ఆ కాలేకపోయినదాన్ని ఎవరి చేతికి అప్పజెప్పాడో చెప్తుంది.

ఇది మా ఒక్కరి జబ్బు కాదని తెలుసుకోవడానికి దూరం పోవాలి. బాబ్ డిలన్ ఒట్టి గిటార్‌తో, హార్మోనికాతో పౌర హక్కుల కాలపు పాటలు పాడి పేరు తెచ్చుకున్నాడు. 1965 నుంచి ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని రాక్ వైపు మళ్లాడు. 1966లో మాంచెస్టర్‌లో కచేరీ జరుగుతుంటే జనంలోంచి ఒకడు 'జూడాస్' అని అరిచాడు. క్రీస్తును పట్టిచ్చిన శిష్యుడి పేరు పెట్టి తిట్టడం అది. తీగలకు కరెంటు పెట్టినందుకు అంత పెద్ద తిట్టు! కానీ ఆ అరిచినవాడికి అది గిటార్ గొడవ కాదు. తన తరఫున ఒక మనిషి ఒక చోట నిలబడి ఉన్నాడనుకున్నాడు, ఇప్పుడు ఆ చోటు ఖాళీ. మాంచెస్టర్‌లో అరిచిన ఆ కుర్రాడికీ, ఎల్లారెడ్డి అరుగు మీద పేపర్ మడిచి పెట్టిన మా కాకకూ నేను పెద్ద తేడా చూడను. నష్టం ఇద్దరికీ నిజమైనదే.

పాడినాయనకు ఇది న్యాయమా అంటే, కాదు. డెబ్బై ఏళ్ల మనిషి, బహిష్కరించమని ఎన్నో ఏళ్లు చెప్పిన ఓటును ఒకసారి వేసి చూడాలనుకున్నాడు. ఆ హక్కు ఆయనకు ఉంది. మన తరఫున నిలబడమని పంపినవాళ్లం, ఎంతకాలం నిలబడాలో ఆయన్ను అడగలేదు. కాళ్లు నొప్పి పుడుతున్నాయా అనీ అడగలేదు. కాక కోపం నాకు అర్థమవుతుంది, దాన్ని గౌరవిస్తాను. గద్దర్ చేసింది ద్రోహమంటే మాత్రం ఒప్పుకోను. ఆయన తుది రోజుల్లో సొంత పార్టీ పెడతానన్నాడు, రాజ్యాంగం పుస్తకం చేతిలో పట్టుకుని తిరిగాడు. తుపాకీతో రానిది ఇంకో తోవలో వస్తుందేమోనని వెతుకుతున్న ముసలితనం అది. ఆ వెతుకులాట మీద నాకు గౌరవం ఉంది, ఆ తోవ మీద సందేహాలు ఉన్నా.

2023 ఆగస్టు 6న ఆయన పోయాడు. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఒకప్పుడు ఆయన కోసం గాలించిన పోలీసులే గాలిలోకి తూటాలు పేల్చి వందనం చేశారు. అల్వాల్‌లో ఆయన పెట్టిన మహాబోధి బడి ఆవరణలో సమాధి చేశారు. 1995లో 'ఒరేయ్ రిక్షా' సినిమాలో అన్నాచెల్లెళ్ల పాటకు నంది అవార్డు ఇస్తామంటే వద్దన్న మనిషి ఆయన. ఇప్పుడు ఆ నంది అవార్డుల చోటే గద్దర్ అవార్డులు వచ్చాయి, 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చారు. దీన్ని తప్పంటూ చాలామంది రాశారు. నాకు పేరు పెట్టడం మీద అభ్యంతరం లేదు. ఆ పేరున్న అవార్డు ఎప్పుడైనా ఒక డప్పు కళాకారుడికి, ఒక ఒగ్గు కథకుడికి, సినిమా తెరకు ఏ సంబంధం లేని ఒక పల్లె గొంతుకు ఇస్తారా అని మాత్రం చూస్తుంటాను.

కాక అంత్యక్రియలకు పోలేదు. నేను బస్సు ఎక్కుతుంటే స్టాండు దాకా వచ్చి, వెనక్కి తిరిగిపోయాడు. ఆ నెలంతా ఇంట్లో ఆ పాటలు పెట్టనివ్వలేదు. అత్త ఒకసారి బీడీల చాట ముందు కూర్చుని అలవాటుగా ఏదో ఎత్తుకుంటే "వద్దక్కా" అన్నాడు. అత్త ఆగలేదు. "నువ్ వినకు. నేను పాడుకుంట" అన్నది. ఆమెకు గద్దర్ ఎవరిని హత్తుకున్నాడన్నది ఎన్నడూ లెక్కలోకి రాలేదు. ఆమె తన మాటను ఎవరి చేతికీ అప్పజెప్పలేదు కదా, తెచ్చి ఇవ్వలేదని అడగడానికి. కట్టలోంచి తీసిన బీడీల ముందే దాన్ని ఖర్చు పెట్టుకుంది.

ఈ మధ్య కాక తిరుగుడు ఎక్కువైంది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ప్రభుత్వం ఐదు లక్షలు ఇస్తోంది. ఆ కాగితాలు ఎట్లా పెట్టాలో ఊళ్లలో చాలామందికి తెలియదు. పాస్‌పోర్ట్ నకలు, మరణ ధ్రువీకరణ, అక్కడి కాగితాలు, ఇక్కడి కాగితాలు. కాకకు ఆ భాష, ఆ ముద్రలు, ఆ ఆఫీసుల వరస తెలుసు. ఎల్లారెడ్డి, లింగంపేట, తాడ్వాయి ఊళ్లలో, తండాల్లో ఎవరింట్లోనైనా అట్లాంటి చావు జరిగిందని తెలిస్తే ఒక ఫైలు చంకన పెట్టుకుని పోతాడు. ఆ ఇంటి ఆడమనిషిని వెంటబెట్టుకుని కామారెడ్డి కలెక్టరేట్‌కు వస్తాడు. మొన్న ఒకసారి నేనూ పోయాను. కాగితం సరిగా లేదు, మళ్లీ రమ్మన్నారు. కాక లేవలేదు. కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకుని, "ఏ కాగితం తక్కువైందో రాసియ్యండి సార్, ఒక్కొక్కటి చెప్పండి" అన్నాడు. బయటికి వచ్చాక, గద్దర్ ఉంటే నిన్ను చూసి మెచ్చుకునేవాడు కాకా అన్నాను. "గాయన ముచ్చట నాతోని తియ్యకు" అని, బస్సు టైమ్ అడిగాడు.